ఎవరు చూస్తున్నారప్పుడు?

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు పిల్లాడు సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాణ్ణి ఎక్కించుకున్న కారు ఇంకా గేటు దాటలేదు, వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజ్ వచ్చేసింది: "పేరెంట్స్ ఎక్కడున్నారు?" దాని కింద నాలుగైదు దణ్ణాల బొమ్మలు. "ఫోన్లు చూసుకోడానికే టైమ్ సరిపోవట్లేదు కదా ఈ కాలం వాళ్ళకి" అని ఇంకొకరు. పిల్లాడికి ఎలా ఉంది, ఎవరన్నా తోడు వెళ్ళాలా అన్న మాటలు ఇరవై నిమిషాల తర్వాత వచ్చాయి. సెల్లారులోకి దిగే వాలు మీద ట్యాంకరు నీళ్ళు కారి కారి పాచి పట్టిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చివరికి నేనే ఫోటో తీసి పెట్టాను. ఒక బొటనవేలు వచ్చింది.

ఆ మొదటి ప్రశ్న నాకు కొత్త కాదు. రెండేళ్ళ కిందట మా పాప కాలు విరిగినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఆ మాట అడక్కుండా వెళ్ళినవాళ్ళు ముగ్గురో నలుగురో. పిల్లలకి దెబ్బ తగిలితే అడగాల్సింది "ఎలా తగిలింది" అని, "ఎవరు చూస్తున్నారప్పుడు" అని కాదు. మర్యాద కోసం చెప్తున్న మాట కాదిది. "ఎవరు"కి జవాబు దొరకగానే "ఎలా" ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది. పాచి అక్కడే ఉంటుంది. మా ఇంట్లో ఈ "ఎవరు" ఎంత దూరం పాకిందో చెప్తే గానీ నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో అర్థం కాదు.

పదకొండు సెకన్లు

అప్పటికి పాపకి రెండేళ్ళ తొమ్మిది నెలలు. నెల్లూరులో మేముండే వీధి చివర చిన్న పార్కు, అందులో పసుప్పచ్చ ప్లాస్టిక్ జారుడుబల్ల. దానికి ఒక్కతే జారాలంటే భయం. మెట్లెక్కి పైదాకా వెళ్తుంది, కిందికి చూస్తుంది, వెనక నిలబడ్డ పిల్లల్ని తోసుకుంటూ మళ్ళీ మెట్లు దిగొచ్చేస్తుంది. మూడు వారాలుగా ఇదే తంతు. ఆ ఆదివారం మా అక్క కొడుకు, పదేళ్ళవాడు, సెలవులకి వచ్చి ఉన్నాడు. వాడికి ఫోనిచ్చి వీడియో తియ్యమని, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ దాని నడుం చుట్టూ వేసి నేను జారాను.

ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గర ఉంది. పదకొండు సెకన్లు. ఇద్దరం నవ్వుతూనే మొదలవుతాం. నాలుగో సెకను దగ్గర పాప కుడి బూటు జారుడుబల్ల పక్క అంచుకి ఆనుతుంది. కొత్త బూట్లు, రబ్బరు అడుగు. ప్లాస్టిక్‌కి అతుక్కుపోయినట్టు అక్కడే ఆగిపోతుంది. నేనాగలేదు. డెబ్బై ఎనిమిది కిలోల మనిషిని, ఆగాలన్నా ఆగలేను. పాప మోకాలు ఒక్క క్షణం అటు తిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. మామూలుగా చూస్తే అది కంటికి ఆనదు, స్లో మోషన్‌లో పెడితేనే. కిందికి చేరాక ఏడుపు. టక్కుమన్న చప్పుడేదీ రాలేదు, వాపు లేదు. జడుసుకుంది కాబోలు అనుకున్నాం. ఐస్‌క్రీమ్ కొనిపెడితే ఏడుపు ఆగింది గానీ, దించితే నిలబడలేదు.

ఇంటికి రాగానే మా అమ్మ "బెణికినట్టుందిరా" అని ఆముదం వెచ్చజేసి కాలంతా మర్దన చేసింది. మర్నాడు దగ్గర్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు, నొప్పికి సిరప్ రాశారు. మూడోరోజు పొద్దున పాప పాకడం మొదలుపెట్టింది. ఎప్పుడో మర్చిపోయిన పాకుడు. హాల్లోంచి వంటింట్లోకి, కుడికాలు వెనక ఈడ్చుకుంటూ. అది చూసి నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకుని, పిల్లల ఎముకల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

ఆయన పాప కాలు వైపు చూడలేదు. దాని మొహం వైపే చూస్తూ, మోకాలి కింద నుంచి ముంగాలి ఎముక మీద బొటనవేలితో కొంచెం కొంచెం నొక్కుకుంటూ కిందికి వచ్చారు. సగం దాటాక ఒకచోట పాప కాలు లాక్కుంది. ఈసారి కాలు ఏటవాలుగా పెట్టించి ఎక్స్‌రే తీయించారు. అప్పుడు దొరికింది, తాడు పురిలాగా ఎముక చుట్టూ మెలితిరిగిన వెంట్రుకంత గీత. నడక వచ్చిన కొత్తల్లో పిల్లలకి ఇలా విరగడం మామూలేనట. మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదట. వారం పదిరోజులు పోయి ఎముక అతుక్కోవడం మొదలయ్యాక, ఆ అతుకు తెల్లగా కనపడితే గానీ బయటపడని కేసులు బోలెడట. 1964లో కెనడా రేడియాలజిస్టులు దీని గురించి రాస్తూ 'టాడ్లర్స్ ఫ్రాక్చర్' అన్నారు, ఇప్పటికీ అదే పేరు. కాబట్టి ఆ మొదటి క్లినిక్ మీద నాకు కోపం లేదు. కొన్నాళ్ళు ఉండింది, పోయింది.

"ఎలా పడింది?" అన్నారు డాక్టరు.

"పడలేదు సార్. నేను పట్టుకునే ఉన్నాను."

"జారుడుబల్లా?" అన్నారాయన.

పట్టుకున్నందుకే

ఎలా తెలిసిందని అడిగితే, బల్ల మీద పెన్ను ఒకటి నిలబెట్టి కింది కొస వేలితో నొక్కి పట్టి, పై కొసని మెల్లిగా తిప్పి చూపించారు. పసిపిల్ల ఒక్కతే జారుతూ ఉంటే, కాలు ఎక్కడన్నా తట్టుకున్నా దాని ఒళ్ళు బరువెంత? పన్నెండు పదమూడు కిలోలు. అక్కడే ఆగిపోతుంది, లేదా పక్కకి ఒరుగుతుంది. పెద్దవాళ్ళ ఒళ్ళో ఉంటే కాలు ఆగుతుంది, వెనకున్న బరువు ఆగదు. ఆ బరువంతా కాలిని మెలిపెడుతుంది. తర్వాత చదివాను: 2002 నుంచి 2015 దాకా అమెరికాలో ఆరేళ్ళ లోపు పిల్లలు సుమారు 3.5 లక్షల మంది జారుడుబల్లల మీద దెబ్బలు తిన్నారని అయోవా యూనివర్సిటీ డాక్టర్లు 2017లో లెక్క తేల్చారు. మరీ పసివాళ్ళలో ఎక్కువగా విరిగేది మోకాలి కింది ఎముకే. ఎక్కువమందికి అది పెద్దవాళ్ళ ఒళ్ళో కూర్చుని జారినప్పుడే.

అంటే నేను పట్టుకోకపోవడం వల్ల విరగలేదు. పట్టుకున్నందుకే విరిగింది.

పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే ముక్క ఇది. వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుదామని చూశాను. ఒక్కళ్ళన్నా విన్నారా! గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మా ఆవిడ వైపు తిరిగి "నువ్వెక్కడున్నావమ్మా అప్పుడు?" అనేవారు. అప్పుడామె ఇంట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది, టీచరు. "కాదండీ, పాప నా దగ్గరే ఉంది" అని నేను అడ్డం పడితే, "మగవాళ్ళు, మీకేం తెలుస్తుందిలే నాయనా" అని నన్ను క్షమించేసేవారు. నా చేతుల్లో విరిగిన కాలికి ఇంట్లో ఉన్న మనిషి నేరస్తురాలు. ఒక పెద్దావిడైతే "ఉద్యోగం ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా" అని కూడా అడిగి, కాఫీ తాగి వెళ్ళారు. మా ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడింది: "వాళ్ళకి జారుడుబల్ల కథ చెప్పకు. చెప్పినకొద్దీ నన్ను కాపాడుతున్నట్టుంది."

నిజం చెప్పాలంటే డాక్టరు కూడా ఆ ప్రశ్నే అడిగారు, వేరే మాటల్లో. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పగలు పాప ఎవరి దగ్గర ఉంటుంది, ఇదివరకు ఏమైనా దెబ్బలు తగిలాయా అని. పాప వీపూ చేతులూ కూడా చూశారు. నాకు ఒళ్ళు మండింది. మమ్మల్ని అనుమానిస్తున్నాడా ఈయన? తర్వాత ఆలోచిస్తే ఆయన చేసింది సరైనదే అనిపించింది. ఇంకా నడక కూడా రాని పసికందుకి ఇలా మెలితిరిగి ఎముక విరిగిందంటే ఎవరో కావాలని చేశారేమోనని చూడాల్సిందే. బిడ్డ తరఫున అడిగే మనిషి అక్కడ ఆయనొక్కరే. కానీ తేడా ఉంది: ఆయన "ఎలా" అని మొదలుపెట్టి, ఆ జవాబు అతకకపోతేనే "ఎవరు" దాకా వెళ్తారు. మా జవాబు అతికింది. ఆయన అక్కడితో ఆపేశారు.

పుత్తూరు దారి

మా మామగారిది నారాయణవనం దగ్గర పల్లె. విరిగిందని తెలియగానే ఫోను: "పిండికట్టు ఎందుకు నాయనా, పొద్దున్నే బయల్దేరి పుత్తూరుకి వచ్చేయండి, నేను బస్టాండులో ఉంటా." పుత్తూరు కట్టు గురించి తెలుగువాళ్ళకి నేను చెప్పేదేముంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ. మామగారి ఎడమచెయ్యి ఏడేళ్ళప్పుడు చింతచెట్టు మీంచి పడి విరిగితే అక్కడే కట్టించారు. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తి చూపిస్తారు.

నేను దాన్ని ఎగతాళి చేసేవాణ్ణి కాను. పాప ఎముక పక్కకి జరగలేదు. ఎలాంటి కట్టు కట్టినా, కదలకుండా ఉంచితే అతుక్కునే రకమే. అయినా వెళ్ళలేదు. ఎముక ఎక్కడ, ఏ తీరుగా విరిగిందో ఎక్స్‌రేలో చూడకుండా పట్టి లాగడం నాకు భయం. కీలుకి దగ్గరగా ఎముక పెరిగే చోట దెబ్బ తగిలుంటే పిల్లలకి అది ఏళ్ళు పోయాక బయటపడుతుంది. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. ఆ ముప్పు పిండికట్టుకీ ఉంది. ఇవన్నీ మామగారికి పాఠంలా చెప్పాను. మొదటి ప్రపంచయుద్ధంలో వేలమంది సైనికుల ప్రాణాలు కాపాడిన 'థామస్ స్ప్లింట్' కనిపెట్టిన హ్యూ ఓవెన్ థామస్ కూడా తరతరాలుగా ఎముకలు కట్టే నాటువైద్యుల ఇంటివాడేననీ, వాళ్ళ నాన్న కొడుకులని డాక్టరు చదువులకి పంపించాడనీ కూడా చెప్పాను. "అట్లయితే తప్పు పుత్తూరుది కాదు గదా, చదివించనోళ్ళది" అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు.

అసలు మా మధ్య తేల్చింది వైద్యం కాదు. "రేపు కాలు వంకరొస్తే ఎవరిది బాధ్యత?" అన్న మాట. అది నేనే అన్నాను. అన్నాక ఆయన ఫోను పెట్టేశారు. ఇంటికొచ్చిన ఆ పెద్దావిడ మా ఆవిడని నిలబెట్టిన చోటే నేనూ ఆయన్ని నిలబెట్టానని అప్పుడు తోచలేదు.

నెల రోజులు

తొడ దాకా కట్టు, నాలుగు వారాలు. మొదటి రాత్రి నిద్ర లేదు. గంటకోసారి ఫోను లైటు వేసి కాలి బొటనవేలి గోరు నొక్కి వదలడం, తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతోందా అని చూడడం. వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, కదిపితే గుక్కపెట్టి ఏడ్చినా అప్పటికప్పుడు రమ్మన్నారు. దురదకి హెయిర్ డ్రయ్యర్‌తో చల్లగాలి. స్కేలు లోపలికి దూర్చొద్దని ముందే చెప్పారు, అయినా మూడోవారం కట్టులోంచి ఒక క్రేయాన్ రాలింది. ఆకుపచ్చది.

మా అమ్మ కావలి నుంచి నల్లేరు తెప్పించింది. ఎముకలకి మంచిదని మన ఊళ్ళల్లో నమ్మకం కదా. కణుపులు తీసి, నార ఒలిచి, దురద పుట్టకుండా చేతులకి నూనె రాసుకుని, నూనెలో మగ్గబెట్టి, చింతపండూ ఎండుమిరపకాయలూ వేసి రోట్లో నూరింది. పాప నాలుకకి తగలగానే ఉమ్మేసింది. నెలంతా ఆ పచ్చడి మేమే తిన్నాం. విరిగింది దాని కాలు, బలపడింది మా ఎముకలు. నల్లేరు మీద బండి నడక అంటారు గానీ, ఆ నెలలో నల్లేరు ఒలవడం తప్ప ఏదీ అంత సులువుగా నడవలేదు.

కట్టు తీశాక

కట్టు కోసే మిషను చప్పుడుకి పాప కన్నా ముందు నేను కళ్ళు మూసుకున్నాను. అది తిరిగే రంపం కాదు, అదిరే రంపం. గట్టివాటినే కోస్తుంది, చర్మం దానితో పాటు కదులుతుంది కాబట్టి తెగదు. డాక్టరు తన అరచేతికి ఆనించి చూపించారు. కట్టు విడిపోయాక ఒక రకమైన పుల్లటి వాసన. కాలు ఎండిన ములక్కాడలా ఉంది, పొట్టు రేగిపోయి, వెంట్రుకలు నల్లగా మొలిచి. మా ఆవిడ బయటికి వెళ్ళిపోయింది.

"ఇంక మీరేం చెయ్యకండి," అన్నారు డాక్టరు. "మర్దనలొద్దు, నడిపించొద్దు. నేల మీద వదిలెయ్యండి. ముందు పాకుతుంది, తర్వాత గోడ పట్టుకుంటుంది, కొన్ని వారాలు కుంటుతుంది. ఈ వయసుకి ఫిజియోథెరపీ అంటే ఆటే."

ఏం చెయ్యకండి అన్నారు కదా. ఆ పనే మా వల్ల కాలేదు. పన్నెండు రోజులు దాని పాదం నేలకి ఆననివ్వలేదు. అమ్మ చంకలోంచి నా భుజం మీదికి, అక్కణ్ణుంచి మా ఆవిడ ఒళ్ళోకి. ఎవరం ఒకరికొకరం చెప్పుకోలేదు గానీ ముగ్గురి మనసులోనూ ఒకటే: మళ్ళీ ఏమన్నా అయితే నా దగ్గరున్నప్పుడు మాత్రం కాకూడదు. దించడానికి ధైర్యం కావాలి, ఎత్తుకోవడానికి అక్కర్లేదు. ఎత్తుకున్నవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు.

పదమూడో రోజో పద్నాలుగో రోజో, నేను బ్యాంకు నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటుంటే పాప చెప్పింది: "నేను బాత్రూంకి నడిచా." ఎప్పుడు? "నిన్న." వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అడిగితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అంతకు ముందు రోజు అమ్మకి నడుం పట్టేసింది. మేమిద్దరం డ్యూటీల్లో ఉన్నాం. పాప బాత్రూం అంది, ఎత్తబోతే అమ్మ వంగలేకపోయింది. మంచం పట్టుకుని కూలబడిపోతే, పాప కాసేపు చూసి, గోడ పట్టుకుని, కుంటుకుంటూ బాత్రూందాకా వెళ్ళొచ్చింది. మళ్ళీ వచ్చి నానమ్మ పక్కన కూర్చుంది.

"చెప్పొచ్చు కదమ్మా! ఇంత సంతోషమైన సంగతి!"

"నువ్వు అరుస్తావేమోనని చెప్పలేదురా అబ్బయ్యా. మొన్న ఆముదం మర్దన చేసింది కూడా నేనే గదా. విరిగిన కాలిని అట్టా నలిపితినే అని నాకు నిద్ర పడితేనా?"

మర్దన మాట నేను ఒక్కసారి కూడా అనలేదు. అనక్కర్లేకపోయింది. మా ఇంట్లో బిడ్డ మొదటి అడుగులు రెండోసారి వేస్తే, చూసిన ఒక్క మనిషీ ఆ సంగతి ఒక రోజంతా దాచుకుంది. తిడతామని.

ఇంత చెప్పాక కూడా నా వాదన మీద నాకే ఒక అనుమానం ఉంది. నీళ్ళ దగ్గర, రోడ్డు మీద, మేడ పిట్టగోడ దగ్గర ఎవరో ఒకరు కళ్ళప్పగించి చూడాల్సిందే. అక్కడ "ఎవరు చూస్తున్నారు" అన్నది ప్రాణాలతో ముడిపడ్డ ప్రశ్న. మూత లేని సంపులో పిల్లలు పడిపోయిన వార్తలు మన పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాం, చప్పుడు కూడా రాదు. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది ముందు, పిల్లలు నీళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు: "ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? నువ్వా, నేనా?" అయిపోయాక అడిగితే ఎవరికి ఉపయోగం? అప్పుడు మిగిలేది మూత ఎందుకు లేదన్నదే. నా తప్పు లేదని కూడా అనను. వీడియో కోసం తొందరపడ్డాను. ఇంకో వారం ఆగి ఉంటే అదే జారేదేమో.

ఆ వీడియో మా ఆవిడ ఇప్పటికీ చూడలేదు. మా మేనల్లుడు మాత్రం మొన్న వచ్చినప్పుడు, "మామా, నేను వీడియో తియ్యకుండా ఉండుంటే?" అన్నాడు. రెండేళ్ళు వాడు కూడా మోశాడన్నమాట.

పాపకి ఇప్పుడు దాదాపు ఐదేళ్ళు. ఏ కాలు విరిగిందో అడిగితే ఒక్కోసారి ఎడమది చూపిస్తుంది. నిన్న సాయంత్రం పార్కుకి వెళ్ళాం. జారుడుబల్ల పైన ఒకాయన, ఏడాదిన్నర బాబుని ఒళ్ళో పెట్టుకుని జారడానికి సర్దుకుంటున్నాడు. పరుగెత్తుకెళ్ళి, ఒక్క నిమిషం ఆగండి అని, కింద నిలబడే మొత్తం చెప్పాను. బూటు, అంచు, బరువు, పెన్ను. ఆయన శ్రద్ధగా విన్నాడు, బాబుని ఎత్తుకుని మెట్ల మీదుగా దిగొచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అయ్యో," అన్నాడు దిగాక. "మరి వాళ్ళమ్మ ఎక్కడుందండీ అప్పుడు?"

పాప అప్పటికే మెట్లెక్కి పైన కూర్చుని, తప్పుకోండి తప్పుకోండి అని మా ఇద్దరి మీదా అరుస్తోంది.